వడ్డీ సున్నాకి వచ్చేసినా ఎకానమీ లేవట్లేదా? సెంట్రల్ బ్యాంక్ అప్పుడేం చేయాలో జపాన్ అనుభవంతో ఒక గైడ్

నేను గ్రూప్స్ కి ప్రిపేర్ అయ్యే వాళ్ళకి ఎకానమీ చెప్తుంటాను. రెపో రేటు (ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) పాఠం అయిపోగానే ప్రతి బ్యాచ్ లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది, "సార్, మార్కెట్ పడుకుంటే వడ్డీ తగ్గిస్తారన్నారు బాగానే ఉంది, మరి తగ్గించీ తగ్గించీ సున్నాకి వచ్చాక కూడా లేవకపోతే?" అని. మన దేశంలో వడ్డీ సున్నా దాకా ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి మనం చదివే మెటీరియల్ లో దీనికి రెండు లైన్లే ఉంటాయి, క్వాంటిటేటివ్ ఈజింగ్ అంటే డబ్బులు ప్రింట్ చేయడం అని రాసేసి వదిలేస్తారు. జపాన్ వాళ్ళు మాత్రం ఈ సమస్యతో 1999 నుంచి 2024 దాకా పాతికేళ్ళు కుస్తీ పట్టారు, అంతకుముందు 1931లో ఇలాంటిదే వస్తే త్వరగానే దాటేశారు కూడా. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో చాలా వరకు తెలిసిపోతుంది. సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ కుర్చీలో మీరే కూర్చున్నారనుకుని చదవండి.

ముందు రోగం ఇదేనా కాదా చూసుకోవాలి. ఎకానమీ నీరసంగా ఉన్న ప్రతిసారీ ఈ మందు వాడకూడదు. వానలు లేక పంట పోయింది, పెట్రోలు ధర పెరిగిపోయింది, దానివల్ల మార్కెట్ దెబ్బతింది అంటే అక్కడ కొరత సరుకుది, డబ్బుది కాదు, అప్పుడు డబ్బు పోస్తే ధరలు మండిపోతాయి తప్ప ఇంకేం జరగదు. ఈ మందు ఎప్పటికంటే, షాపుల్లో సరుకు ఉంది, ఫ్యాక్టరీల్లో మెషిన్లు ఉన్నాయి, పని చేసే చేతులు ఖాళీగా ఉన్నాయి, వడ్డీ దాదాపు సున్నా, అయినా ఎవరూ అప్పు తీసుకోవట్లేదు, ఎవరూ ఖర్చు పెట్టట్లేదు, ధరలు పెరగడం మానేసి కిందకి జారుతున్నాయి, ఇవన్నీ ఒకేసారి కనపడినప్పుడు.

ధరలు తగ్గితే మంచిదే కదా అని చాలామంది అంటారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు వేసిన వాళ్ళని అడిగితే సరైన సమాధానం వస్తుంది. రేటు బాగున్నప్పుడు మేతకీ, సీడ్ కీ, కరెంటుకీ అప్పు తెచ్చి పెడతారు, పట్టుబడి టైముకి కేజీ రేటు పడిపోతుంది, కానీ అప్పు మాత్రం రూపాయి కూడా తగ్గదు. ఒక సరుకు విషయంలో ఇలా జరిగితే ఆ ఊళ్ళ వరకే నష్టం, అదే దేశంలో అన్ని సరుకుల ధరలూ, జీతాలూ కలిసి జారుతుంటే అప్పున్న ప్రతి ఇల్లూ ప్రతి కంపెనీ ఆ రొయ్యల రైతులాగే అయిపోతాయి. ఇంకోటి, ధరలు ఏడాదికి 1 శాతం చొప్పున పడుతుంటే సున్నా వడ్డీకి తెచ్చిన అప్పు కూడా నిజానికి 1 శాతం బరువే, ఎందుకంటే తీర్చేటప్పుడు ఇచ్చే నోటు తెచ్చుకున్నప్పటి నోటుకంటే ఎక్కువ సరుకు కొంటుంది. వడ్డీని సున్నా కిందకి దించడం మామూలుగా కుదరదు, ధరలు పడుతూనే ఉంటాయి, అంటే మీరు ఏమీ చేయకుండా కూర్చున్నా వడ్డీ దానంతట అదే పెరుగుతున్నట్టు లెక్క. జపాన్ 1990ల చివర్లో ఇరుక్కున్నది ఇక్కడే.

ఇంకొక్కటి చెక్ చేసుకోండి, దేశానికున్న అప్పులు సొంత కరెన్సీలో ఉన్నాయా, డాలర్లలో ఉన్నాయా? ఎందుకంటే మీరు చేయబోయే పనికి కరెన్సీ విలువ పడుతుంది, డాలర్ అప్పు ఎక్కువున్న దేశమైతే మందు కంటే ముందు సైడ్ ఎఫెక్టే ప్రాణం తీస్తుంది. జపాన్ ప్రభుత్వం అప్పంతా యెన్లలోనే, అదీ ఎక్కువగా సొంత జనం దగ్గర తెచ్చుకున్నదే, అందుకే వాళ్ళు ఇంత ధైర్యం చేయగలిగారు.

సరే, రోగం ఇదే అని తేలింది. డబ్బు పోసే ముందు బ్యాంకుల్ని చూసుకోవాలి, దీన్ని జపాన్ బాగా ఆలస్యం చేసింది. 1989 డిసెంబర్ 29న జపాన్ షేర్ మార్కెట్ సూచీ నిక్కీ ఇండెక్స్ 38,915 దగ్గర ఆగి అక్కడి నుంచి పడిపోయింది, భూముల ధరలు దాని వెనకాలే పడ్డాయి, ఆ భూములు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చిన బ్యాంకులు ఆ అప్పులు రావని తెలిసి కూడా పుస్తకాల్లో మంచి అప్పులుగానే చూపించుకుంటూ పోయాయి, చచ్చిపోయిన కంపెనీలకి పాత వడ్డీ కట్టుకోవడానికి కొత్త అప్పులిచ్చాయి. ఇలా నడిచీ నడిచీ 1997 నవంబర్ లో హొక్కైడో టకుషోకు బ్యాంక్, యమాయిచి సెక్యూరిటీస్ ఒకే నెలలో కూలిపోయాయి. బ్యాంకుల మొండి బాకీల మీద గట్టిగా కూర్చున్నది 2002 అక్టోబర్ తర్వాతే, 2003లో రెసోనా బ్యాంక్ కి ప్రభుత్వం దాదాపు 2 లక్షల కోట్ల యెన్లు పెట్టింది, అప్పటికి పదమూడేళ్ళు పోయాయి.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, సెంట్రల్ బ్యాంక్ డబ్బు సృష్టించినప్పుడు అది మన జేబులోకి రాదు, బ్యాంకులకి సెంట్రల్ బ్యాంకులో ఉండే ఖాతాలోకి వెళ్తుంది. చెరువు నిండిందనుకోండి, తూము తెరుచుకుని కాలువలు బాగుంటేనే శివారు పొలానికి నీళ్ళు అందుతాయి, తూము బిగుసుకుపోయి ఉంటే చెరువులో ఇంకెన్ని నీళ్ళు పోసినా గట్టు మీద నుంచి చూసుకోవడమే. మన దగ్గరే చిన్న సైజులో ఇది చూశాం. 2020 ఏప్రిల్ లో కరోనా టైములో ఆర్బీఐ చిన్న ఎన్బీఎఫ్సీలకీ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) మైక్రోఫైనాన్స్ సంస్థలకీ డబ్బు చేరాలని బ్యాంకులకి చవక అప్పిచ్చే టీఎల్టీఆర్ఓ 2.0 అనే పథకం పెట్టి మొదటి విడతలో 25,000 కోట్లు ఇస్తామంది, బ్యాంకులు అడిగింది 12,850 కోట్లే, సగం. రిస్క్ ఉన్న చోట అప్పివ్వడానికి బ్యాంకుకి ధైర్యం లేకపోతే చవక డబ్బు చూపించినా ముందుకు రాదు. అదే టైములో మా మావయ్యకి బట్టల షాపు ఉంది, బ్యాంకు వాళ్ళు ఫోన్ చేసి వడ్డీ తగ్గింది తీసుకోండి అంటే "కొనేవాడు లేనప్పుడు స్టాకు తెచ్చి ఎవరికి అమ్మను" అని ఆయన తీసుకోలేదు. ఇచ్చేవాడికి భయం, తీసుకునేవాడికీ భయం, ఈ రెండు భయాల మధ్యే పాలసీ మొత్తం నడవాలి.

ఇప్పుడు అసలు పని, కొనుగోళ్ళు. క్వాంటిటేటివ్ ఈజింగ్, పొట్టిగా క్యూఈ అంటున్నది దీన్నే. సెంట్రల్ బ్యాంక్ మార్కెట్లోకి వెళ్ళి బ్యాంకుల దగ్గరా ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గరా ఉన్న ప్రభుత్వ బాండ్లు కొంటుంది, డబ్బు ఎక్కడిదంటే ఎక్కడిదీ కాదు, కంప్యూటర్లో ఆ బ్యాంకు ఖాతాలో అంకె పెంచుతుంది అంతే. బాండ్లకి గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే యీల్డ్, అంటే ఆ బాండు మీద వచ్చే రాబడి, తగ్గుతుంది, దీర్ఘకాలం వడ్డీలు దిగుతాయి, బాండ్లు అమ్ముకున్న వాళ్ళు చేతిలోని డబ్బుతో షేర్లో కంపెనీ బాండ్లో ఇంకేదో కొనాలి కాబట్టి అక్కడా ధరలు లేస్తాయి, కొంత బయటి దేశాలకి పోతుంది కాబట్టి సొంత కరెన్సీ తగ్గి ఎగుమతులకి ఊపు వస్తుంది.

ఇందులో ఏం కొనాలి అన్నదే అసలు తెలివి. బ్యాంక్ ఆఫ్ జపాన్ 2001 మార్చి 19న ప్రపంచంలో మొదటిసారి ఈ క్యూఈ మొదలుపెట్టింది, బ్యాంకుల ఖాతాల్లో 5 లక్షల కోట్ల యెన్లు ఉంచుతామని మొదలై 2004 జనవరికి 30 నుంచి 35 లక్షల కోట్ల దాకా వెళ్ళింది. అంకె వినడానికి పెద్దదే గానీ కొన్నవాటిలో ఎక్కువ భాగం కొద్ది నెలల్లో తీరిపోయే బిల్లులు, అంటే కొద్దికాలపు అప్పు పత్రాలు. వడ్డీ సున్నా ఉన్నప్పుడు మూడు నెలల బిల్లుకీ, బ్యాంకు ఖాతాలోని నగదుకీ తేడా ఏముంది, రెండూ ఒకటే, ఈ జేబులోది తీసి ఆ జేబులో పెట్టినట్టు. కాబట్టి కొంటే ఎక్కువ కాలం బాండ్లు కొనాలి, 10 ఏళ్ళవి, 20 ఏళ్ళవి, వాటి వడ్డీ ఇంకా సున్నాకి రాలేదు కాబట్టి అక్కడ దించడానికి చోటుంది. లేదా ఎక్కడైతే మార్కెట్ బిగుసుకుపోయిందో అక్కడిదే కొనాలి. అమెరికాలో 2008లో ఇళ్ళ లోన్ల మార్కెట్ కుప్పకూలింది కాబట్టి అక్కడి సెంట్రల్ బ్యాంక్ ఫెడ్ ఆ లోన్ల మీద కట్టిన బాండ్లనే 2008 నవంబర్ లో మొదట ప్రకటించింది, 600 బిలియన్ డాలర్లతో మొదలై 2014 చివరికి ఫెడ్ బ్యాలెన్స్ షీటు దాదాపు 4.5 ట్రిలియన్ డాలర్లు అయింది, సంక్షోభానికి ముందు అది ఒక ట్రిలియన్ కూడా లేదు. 2009 అక్టోబర్ లో 10 శాతం ఉన్న నిరుద్యోగం ఆ తర్వాత నెమ్మదిగా దిగింది, దీంట్లో క్యూఈ వాటా ఎంత అన్న దానిమీద ఇప్పటికీ ఎకనామిస్టులు కొట్టుకుంటూనే ఉన్నారు, నా అభిప్రాయం అడిగితే వాటా ఉంది గానీ కొన్న అంకె వల్ల కంటే ఆ కొనుగోలు చెప్పిన మాట వల్ల ఎక్కువ.

ఆ మాట దగ్గరే ఆగి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలా గైడ్లు దీన్ని ఫార్వర్డ్ గైడెన్స్ అని ఒక పాయింటు రాసి దాటిపోతాయి, నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. జనం ఈ రోజు ఉన్న డబ్బు చూసి ఖర్చు పెట్టరు, రేపు కూడా డబ్బు ఉంటుందా, రేపు ధరలు ఎలా ఉంటాయి అన్నది చూసి పెడతారు. మీరు ఈ రోజు ఎంత డబ్బు పోసినా, కొంచెం కోలుకోగానే వెనక్కి లాగేస్తారని జనం అనుకుంటే అది ఉన్నా లేనట్టే, ఎలాగూ పోయే డబ్బు అని దాచుకుంటారు. ఎకనామిస్ట్ పాల్ క్రుగ్‌మన్ 1998లో జపాన్ గురించి రాస్తూ చెప్పింది ఇదే, ఇలాంటప్పుడు సెంట్రల్ బ్యాంక్ తాను బాధ్యత లేకుండా ఉంటానని నమ్మించాలి అని, అంటే ధరలు పెరిగినా కొన్నాళ్ళు చూస్తూ ఊరుకుంటాం అని ముందే మాటివ్వాలన్నమాట. జీవితమంతా ధరల్ని అదుపులో పెడతామని పేరు తెచ్చుకున్న సంస్థ ఇప్పుడు దానికి తిరగబడి మాట్లాడాలి, అది నోటితో చెప్పినంత తేలిక కాదు.

జపాన్ ఇక్కడ రెండుసార్లు జారింది. 1999 ఫిబ్రవరిలో వడ్డీ సున్నా చేశారు, ధరలు పడటం ఆగే దాకా ఇలాగే ఉంచుతామన్నారు. 2000 ఆగస్టులో, ధరలు ఇంకా పడుతుండగానే, ప్రభుత్వం వాయిదా వేయమని అడిగినా వినకుండా బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్ హయామి వడ్డీని 0.25 శాతానికి పెంచేశాడు. అమెరికాలో టెక్ షేర్లు అప్పటికే కూలుతున్నాయి, ఏడెనిమిది నెలల్లో మళ్ళీ వెనక్కి తగ్గించి ఆ 2001 క్యూఈ మొదలుపెట్టాల్సి వచ్చింది. మళ్ళీ 2006 మార్చిలో, ధరలు సున్నాకి కాస్త పైకి రాగానే క్యూఈ ఆపేశారు, జూలైలో వడ్డీ పెంచారు. పావు శాతమే కదా అనిపిస్తుంది, కానీ ఆ రెండుసార్లలో జనం నేర్చుకున్న పాఠం ఏంటంటే, ధరలు సున్నా దాటితే చాలు ఈ బ్యాంకు బ్రేక్ వేస్తుంది అని. ఒకసారి ఆ నమ్మకం కుదిరాక దాన్ని తుడిచేయడానికి ఎంత కష్టపడాలో తర్వాత వచ్చిన వాళ్ళకి తెలిసొచ్చింది.

మాట ఎలా ఇవ్వాలో చూడాలంటే రెండు మంచి ఉదాహరణలున్నాయి. ఫెడ్ 2012 డిసెంబర్ లో అంకెలతో చెప్పింది, నిరుద్యోగం 6.5 శాతం పైన ఉన్నంతకాలం, ద్రవ్యోల్బణం అంచనా 2.5 శాతం దాటనంతకాలం వడ్డీ పెంచం అని. "కొంతకాలం" "తగిన సమయం" లాంటి గాలిమాటలు లేవు, ఎవరైనా పేపర్లో అంకె చూసి మాట నిలబెట్టుకున్నారో లేదో చెప్పేయొచ్చు. రెండోది యూరప్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షుడు మారియో ద్రాగీ, 2012 జూలై 26న లండన్ లో, యూరోని కాపాడటానికి ఏం చేయాల్సొచ్చినా చేస్తాం అన్నాడు, ఇటలీ స్పెయిన్ బాండ్ల మీద వడ్డీలు దిగడం మొదలైంది, తర్వాత ఆ బాండ్లు కొనడానికి ఓఎంటీ అని ఒక పథకం కూడా పెట్టారు, దాని కింద ఒక్క యూరో బాండు కూడా కొనలేదు. నమ్మిన మాటకి డబ్బుతో పని పడలేదు.

ఇక జపాన్ లో 2012 చివర్లో షింజో అబే ప్రధానిగా వచ్చి, 2013 మార్చిలో హరుహికో కురోడాని గవర్నర్ గా పెట్టాక చేసింది ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి ఒకేసారి. 2013 ఏప్రిల్ 4న కురోడా ఒక బోర్డు పట్టుకుని ప్రెస్ ముందు కూర్చున్నాడు, దాని నిండా 2 అనే అంకె, 2 శాతం ద్రవ్యోల్బణం, 2 ఏళ్ళలో, డబ్బు 2 రెట్లు. 2012 చివరికి 138 లక్షల కోట్ల యెన్లున్న మానిటరీ బేస్ ని (చలామణిలోని నోట్లు, సెంట్రల్ బ్యాంకులో బ్యాంకుల ఖాతాల డబ్బు కలిపి) 2014 చివరికి 270 లక్షల కోట్లు చేస్తామన్నాడు, చేశాడు కూడా. ఈసారి ఎక్కువ కాలం బాండ్లు కొన్నారు, షేర్ల ఈటీఎఫ్ లు (చాలా కంపెనీల షేర్లు కలిపి కట్టిన ఫండ్లు) కొన్నారు, డాలరుకి 80 దగ్గరున్న యెన్ 2014 చివరికి 120కి వచ్చింది, కంపెనీల లాభాలు పెరిగాయి, 2012లో 4.3 శాతం ఉన్న నిరుద్యోగం 2018కి 2.4 శాతానికి దిగింది. ఇవన్నీ నిజమైన లాభాలే, ఫెయిల్ అని కొట్టిపారేసే వాళ్ళతో నేను ఒప్పుకోను. కానీ ఆ 2 శాతం మాత్రం రెండేళ్ళలో రాలేదు, గడువు ఆరుసార్లు వాయిదా వేసి 2018లో గడువు అనే మాటే తీసేశారు.

ఎందుకు రాలేదంటే కారణాల్లో ఒకటి గవర్నర్ చేతిలో లేనిది. 2014 ఏప్రిల్ లో ప్రభుత్వం కన్సంప్షన్ ట్యాక్స్ ని (సరుకు కొన్నప్పుడు కట్టే పన్ను) 5 నుంచి 8 శాతానికి పెంచింది. పదిహేనేళ్ళ తర్వాత జనం అప్పుడప్పుడే పర్సు తెరుస్తుంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది, ఖర్చు ఒక్కసారిగా పడిపోయింది, ఒక చేత్తో సెంట్రల్ బ్యాంక్ పోస్తుంటే ఇంకో చేత్తో ట్రెజరీ తోడేసింది. కాబట్టి గవర్నర్ కుర్చీలో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది, ఆర్థిక మంత్రి మీతో ఉన్నాడా లేదా తేల్చుకోకుండా పెద్ద మాటలు ఇవ్వొద్దు.

మరి మంత్రి కలిసొస్తే ఏమవుతుంది? దీనికి జపాన్ లోనే జవాబు ఉంది, 1931లో. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా ఇష్టమైన మనిషి తకహషి కొరెకియో. పదమూడేళ్ళప్పుడు చదువుకోవడానికని అమెరికా వెళ్ళి, తెలియక ఏదో కాగితం మీద సంతకం పెట్టి ఓక్లాండ్ లో వెట్టి కూలీగా ఇరుక్కుని బయటపడ్డాడు, తర్వాత బ్యాంక్ ఆఫ్ జపాన్ గవర్నర్, ప్రధాని, ఎన్నోసార్లు ఆర్థిక మంత్రి. 1930 జనవరిలో జపాన్ పాత రేటుకే గోల్డ్ స్టాండర్డ్ లోకి (కరెన్సీ విలువని బంగారానికి కట్టేసే పద్ధతి) తిరిగెళ్ళింది, సరిగ్గా ప్రపంచం మాంద్యంలోకి జారుతున్న టైములో, పట్టు ధర కూలి పల్లెలు పస్తులున్నాయి, రెండేళ్ళలో హోల్ సేల్ ధరలు దాదాపు 30 శాతం పడ్డాయి. 1931 డిసెంబర్ 13న తకహషి ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేశాడు, ఆ రోజే బంగారంతో లింకు తెంచేశాడు. 100 యెన్లకి దాదాపు 50 డాలర్లు వచ్చేది, 1932 చివరికి 20 డాలర్లే, జపాన్ బట్టలు ప్రపంచమంతా చవకయ్యాయి. వడ్డీలు దించాడు. ఇంక మూడోది, 1932 నవంబర్ నుంచి ప్రభుత్వ బాండ్లని నేరుగా సెంట్రల్ బ్యాంకుతోనే కొనిపించి ఆ డబ్బుని పల్లెల్లో రోడ్లు, కాలువల లాంటి పనులకీ సైన్యానికీ ఖర్చు పెట్టాడు. ఈ డబ్బు బ్యాంకు ఖాతాలో అంకెగా కూర్చోలేదు, కూలీల చేతికి వెళ్ళింది, అక్కడి నుంచి బియ్యం కొట్టుకి వెళ్ళింది. మాంద్యంలో ప్రభుత్వమే ఖర్చు పెట్టాలన్న ఎకనామిస్ట్ కీన్స్ సిద్ధాంతం పుస్తకంగా రాకముందే ఇదంతా జరిగింది, అమెరికా, ఫ్రాన్స్ ఇంకా మునిగి ఉండగానే జపాన్ తేలింది.

ఇందులో ఎంత లాభముందో అంత ప్రమాదమూ ఉంది, అది కూడా తకహషి కథలోనే ఉంది. ఎకానమీ కోలుకున్నాక ఆయన బ్రేక్ వేయాలని చూశాడు, సెంట్రల్ బ్యాంక్ కొన్న బాండ్లలో చాలా వరకు బ్యాంకులకి తిరిగి అమ్మించి డబ్బు వెనక్కి లాగాడు, సైన్యం బడ్జెట్ కి కోత పెడతానన్నాడు. 1936 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున యువ సైనికాధికారులు ఇంట్లోకి చొరబడి 81 ఏళ్ళ ఆ మనిషిని చంపేశారు. ఆ తర్వాత ఆపేవాడు లేడు, అదే సెంట్రల్ బ్యాంక్ అదే పద్ధతిలో యుద్ధానికి డబ్బు పోసింది, యుద్ధం అయ్యాక యెన్ విలువ కొట్టుకుపోయింది. అందుకే 1947లో చేసిన పబ్లిక్ ఫైనాన్స్ చట్టం ఐదో ఆర్టికల్ లో బ్యాంక్ ఆఫ్ జపాన్ ప్రభుత్వం దగ్గర నేరుగా బాండ్లు కొనకూడదని రాసుకున్నారు. ఈ దారిలో వెళ్ళాలనుకుంటే మొదటి రోజే ఒక లిమిట్ రాసిపెట్టుకోండి, ఎంత డబ్బు, దేనికి, ధరలు ఏ అంకెకి వస్తే ఆపాలి, ఆపే అధికారం ఎవరిది. ఆ అధికారం డబ్బు ఖర్చు పెట్టే వాళ్ళ చేతిలో మాత్రం ఉండకూడదు.

మైనస్ వడ్డీ గురించి అందరూ ఆసక్తిగా అడుగుతారు గానీ నేను దీన్ని చివరి వరుసలో పెడతాను. బ్యాంక్ ఆఫ్ జపాన్ 2016 జనవరి 29న మైనస్ 0.1 శాతం ప్రకటించింది, బోర్డులో ఓటింగ్ 5 కి 4, అంటే వాళ్ళకే నమ్మకం సగం. బ్యాంకులు సెంట్రల్ బ్యాంకులో పెట్టిన డబ్బులో ఒక భాగానికి ఎదురు వడ్డీ కట్టాలి, దాచుకునే బదులు అప్పుగా ఇస్తారని ఆశ. కానీ బ్యాంకు ఆ నష్టాన్ని మామూలు డిపాజిటర్ మీద వేయలేదు, వేస్తే జనం నోట్లు తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంటారు, జపాన్ లో అప్పుడు ఇంట్లో పెట్టుకునే లాకర్లకి గిరాకీ పెరిగిందని వార్తలు కూడా వచ్చాయి. దాంతో బ్యాంకుల లాభాలు సన్నగిల్లాయి, లాభం తగ్గిన బ్యాంకు ఇంకా జంకుతుంది. డెన్మార్క్ లో 2019లో యిస్కే బ్యాంక్ పదేళ్ళ ఇంటి లోను మైనస్ 0.5 శాతానికి ఇచ్చింది, అంటే తీసుకున్నదాని కంటే తక్కువ కట్టాలి, వినడానికి అద్భుతమే, కానీ బ్యాంకులు బలంగా ఉన్న చిన్న దేశంలో నడిచింది అన్ని చోట్లా నడవదు. నోట్లకే మైనస్ వడ్డీ వేయాలంటే ఆస్ట్రియాలో వోర్గ్ల్ అనే ఊరు 1932లో చేసినట్టు చేయాలి, ఊరి నోటు మీద ప్రతి నెలా 1 శాతం విలువ స్టాంపు అంటించకపోతే చెల్లదు, దాంతో అందరూ చేతిలో నోటు ఆగకుండా ఖర్చు పెట్టేవాళ్ళు. ఏడాది తిరిగాక అక్కడి సెంట్రల్ బ్యాంక్ దాన్ని ఆపించేసింది.

దానికంటే 2016 సెప్టెంబర్ లో మొదలుపెట్టిన యీల్డ్ కర్వ్ కంట్రోల్ నాకు నచ్చింది, ఇన్ని లక్షల కోట్లు కొంటాం అనే బదులు, పదేళ్ళ బాండు వడ్డీ సున్నా దగ్గరే ఉంటుంది, దానికోసం ఎంతైనా కొంటాం అనడం. ధరకి హామీ ఇస్తే చాలాసార్లు తక్కువ కొన్నా సరిపోతుంది. కానీ వదిలేసేటప్పుడు జాగ్రత్త, ఆస్ట్రేలియా 2020లో మూడేళ్ళ బాండుకి ఇలాంటిదే పెట్టి 2021 చివర్లో మార్కెట్ ఒత్తిడికి ఉన్నట్టుండి చేతులెత్తేసింది, ఇచ్చిన మాట మీద అలా చేస్తే తర్వాతి మాటకి విలువుండదు.

పెద్ద దేశం గవర్నర్ అయితే పక్క దేశాల్ని కూడా చూడాలి, ఇది మన వాళ్ళకి బాగా తెలిసిన నొప్పి. దువ్వూరి సుబ్బారావు గారు 2008 సెప్టెంబర్ 5న ఆర్బీఐ గవర్నర్ అయ్యారు, పది రోజులకే అమెరికాలో పెద్ద బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, అక్టోబర్ లో 9 శాతం ఉన్న రెపోని ఆర్నెల్లలో 4.75కి దించారు. ఆయన పదవీకాలం చివరి వేసవిలో, 2013 మే 22న, ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకే కొనుగోళ్ళు తగ్గించొచ్చు అని ఒక మాట అన్నందుకే ఇక్కడి నుంచి డాలర్లు వెనక్కి పరిగెత్తాయి, 55 దగ్గరున్న రూపాయి ఆగస్టు చివర్లో 68 దాటింది. వాళ్ళు పోసినప్పుడు ఇక్కడ వరద, తోడినప్పుడు ఇక్కడ కరువు.

ఎవరికి నష్టమో కూడా దాచకుండా చెప్పాలి. వడ్డీ సున్నా అయితే ఎఫ్డీ వడ్డీ మీద బతికే రిటైర్డ్ వాళ్ళ ఆదాయం పోతుంది, షేర్లూ భూములూ ఉన్నవాళ్ళ ఆస్తి పెరుగుతుంది. ఉద్యోగాలు నిలబడటం వల్ల పేదలకీ లాభమే అన్నది నిజమే, కానీ మన ఇళ్ళల్లో అమ్మానాన్నల ఎఫ్డీ రెన్యువల్ రోజు ముఖాలు చూసిన వాళ్ళెవరూ ఇది ఊరికే వచ్చే మందు అనలేరు. ఆ నష్టానికి పెన్షన్ రూపంలోనో పన్నుల్లోనో ఏదో ఒకటి చేయమని ప్రభుత్వాన్ని మొదట్లోనే అడగాలి.

ఇక బయటికి రావడం. తొందరపడితే 2000, 2006 లాగా అవుతుంది, ఆలస్యం చేస్తే 1936 తర్వాతలాగా. జపాన్ ఈసారి మాత్రం చాలా ఓపిక పట్టింది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల దిగుమతి ధరలు పెరిగి ద్రవ్యోల్బణం 2 దాటినా వడ్డీ పెంచలేదు, జీతాలు కూడా పెరుగుతున్నాయా అని ప్రతి వసంతంలో జరిగే జీతాల చర్చలు చూసుకుని, 2024 మార్చి 19న కొత్త గవర్నర్ ఉయెదా మైనస్ వడ్డీనీ యీల్డ్ కంట్రోల్ నీ ఒకే రోజు తీసేశాడు. క్రమం కూడా చూడండి, కొనుగోళ్ళు తగ్గించుకుంటూ వడ్డీ కొంచెం కొంచెం పెంచడం, 0.25, 0.5 అలా, కొన్నవి అమ్మడం అన్నిటికంటే చివర. 2018కే ఆ బ్యాంకు ఆస్తులు దేశం జీడీపీని దాటాయి, అందులో బాండ్లకి గడువుంది కాబట్టి వాటంతట అవి తీరిపోతాయి, షేర్ల ఈటీఎఫ్ లకి గడువు లేదు, అమ్మాల్సిందే, ఒకేసారి అమ్మితే మార్కెట్ కూలుతుంది. 2025 సెప్టెంబర్ లో ఆ అమ్మకం ప్లాన్ చెప్పారు, కొన్న ధరల లెక్కలో దాదాపు 37 లక్షల కోట్ల యెన్లవి ఉంటే ఏడాదికి 33 వేల కోట్లవి అమ్ముతారట, ఆ లెక్కన పూర్తయ్యేసరికి వందేళ్ళు దాటుతుందని ఉయెదానే చెప్పాడు.